మరిపెడ సైకిలు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారానికి ఒకప్పుడు కొలిచెలమ అని పేరు. ఆ ఊరి మల్లినాథసూరి మేఘసందేశానికి వ్యాఖ్య రాశాడు. ఆ కావ్యం మొదటి సగంలో కాళిదాసు చేసిన పని ఒక మేఘానికి దారి చెప్పడం. ఏ కొండ మీద ఆగాలి, ఏ నదిలో నీళ్ళు తాగాలి, కాస్త చుట్టు తిరుగుడైనా ఉజ్జయిని ఎందుకు చూసి తీరాలి, అన్నీ చెప్పాడు. పెడలు తొక్కే పని లేని మేఘానికే అంత మార్గవర్ణనా, దానికంత వ్యాఖ్యా ఉంటే, మరిపెడలో సైకిలెక్కే మనిషికి ఒక్క టీకా లేదు. ఈ రచన ఆ లోటు తీర్చడానికే. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. అందులో మొదటి సగం మాకూ సమ్మతమే. రెండో సగం పాటిస్తే పేజీ నిండదు.

మూలం

ఎండ రాక మున్నె యెక్కుము సైకిలు
గాలి యెదురు గాని కాలమందు
లారి వచ్చెనేని లాగుము పక్కకు
మట్టిదారె మనకు మంచి దారి

ఛందస్సు ఆటవెలది. కర్త తెలియదు. వ్యాఖ్యాతే రాసుకున్నాడని గిట్టనివాళ్ళు అంటున్నారు. వ్యాఖ్యాత ఖండించడం లేదు.

టీక

ఎండ రాక మున్నె = ఎండ రాకముందే. ఎండ అంటే సూర్యోదయమని అర్థం చెప్పేవాళ్ళు ఈ ప్రాంతం వాళ్ళు కారు. మాఘమాసంలో ఎనిమిదింటి దాకా అది ఎండ కాదు, చలి కాగడానికి దేవుడిచ్చిన వస్తువు. వైశాఖంలో ఏడు కొట్టకముందే ఎండ. మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే రోజులుంటాయి. ఆ మధ్యాహ్నం తారు మెత్తబడి టైరును వదలనంటుంది. కాబట్టి ఈ మాటకు గడియారం లెక్క పనికిరాదు, పంచాంగం కావాలి.

యెక్కుము = ఎక్కు. అధికారిని బట్టి ఎక్కడం మూడు విధాలు. కాళ్ళు అందని పిల్లలకు కెంచి. చట్రం త్రికోణంలోంచి ఒక కాలు అవతలికి దూర్చి, సీటును చంకలో ఇరికించుకొని, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కడం. కాస్త పొడుగైతే దండి, అంటే సీటెక్కకుండా చట్రం పై కడ్డీ మీంచి తొక్కడం. ఆ పైన సీటు. బుల్లి సైకిళ్ళు వచ్చాక పిల్లలు తొలిరోజే సీటెక్కి కూర్చుంటున్నారు. ఇది పూర్వాచార్యులకు సమ్మతం కాదు.

సైకిలు = ఇక్కడ వెనక కారియరూ పక్కన గంటా ఉన్న నల్ల సైకిలే ముఖ్యార్థం. గేర్ల సైకిలు లక్ష్యార్థం. ఆ నల్ల సైకిళ్ళను తరతరాలకు అందించిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న మూతబడింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినం. ఇందులో శ్లేష వెతకవద్దు, చరిత్ర ఒక్కోసారి ఇలాగే రాస్తుంది.

గాలి యెదురు గాని కాలమందు = ఎదురుగాలి లేని సమయంలో. పూర్వపక్షం: అలాంటి సమయం లేదు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ గాలి ఎదురే అని తొక్కేవాళ్ళందరి సాక్ష్యం. సిద్ధాంతం: ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. వరంగల్ నుంచి ఖమ్మం పోయే 563 నంబరు జాతీయ రహదారి మరిపెడ మీదుగా ఆగ్నేయానికి దిగుతుంది. అందుకని వానకాలంలో ఖమ్మం దిక్కు పోయేవాడి వీపును గాలి నెడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆ అప్పును వడ్డీతో వసూలు చేస్తుంది. వడ్డీ అన్నది అలంకారం కాదు, లెక్కే. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది, దాన్ని చీల్చే శక్తి ఘనంగా పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఒక్క గాలి పద్దు కిందే ఎనిమిది రెట్లు తొక్కాలి.

అందువల్ల ఎరిగినవాడు కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే గాలికి ఎదురుపోయి, అలసిన తర్వాత గాలివాటున ఇల్లు చేరతాడు. వానకాలంలో అలా పోదగిన దిక్కు తొర్రూరు. అక్కడి నుంచి పాలకుర్తి, సోమనాథుడి ఊరు. ఇంకాస్త తొక్కితే బమ్మెర, పోతన ఊరు. (పోతన ఒంటిమిట్టవాడని వాదించేవారికి ఈ దారి మరీ దూరం. వాళ్ళను వదిలేద్దాం.) అంత తొక్కలేనివారికి పొరుగునే చిన్నగూడూరు ఉంది. 1925 జూలై 22న దాశరథి కృష్ణమాచార్య పుట్టింది అక్కడే. దేశంలో ఇంకెక్కడైనా ఇంతమంది కవులు సైకిలు దూరంలో ఉంటే పర్యాటక శాఖ బోర్డులు పాతేది. ఇక్కడ దారి అడిగి తెలుసుకోవాలి. అడిగితే మాత్రం చాయ్ కూడా దొరుకుతుంది.

లారి వచ్చెనేని = లారీ వస్తే. 'వస్తే' అనడం కవి మర్యాద. మిర్చి సీజనులో ఖమ్మం మార్కెట్టుకు బస్తాల బండ్లు, ఏడాది పొడుగునా గ్రానైటు రాళ్ళ లారీలు. రాయి లారీ పక్క నుంచి పోతే ముందు దాని గాలి సైకిలును అవతలికి తోస్తుంది, పోయాక లోపలికి గుంజుతుంది. ఎదురు కాని గాలి అంటే ఇది కూడానేమో ఆలోచించాలి.

లాగుము పక్కకు = పక్కకు తియ్యి. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ఏ పక్కకు? తారు అంచుకూ మట్టికీ మధ్య ఒక మెట్టు ఉంటుంది. కొత్త తారు పొర పడ్డప్పుడల్లా మెట్టు పెరుగుతుంది, వాన కొట్టినప్పుడల్లా కింద మట్టి తగ్గుతుంది. నింపాదిగా దిగితే మెట్టు, హారనుకు ఉలిక్కిపడి దిగితే గుంత. వంతెన మీద ఆ మట్టి కూడా లేదు. పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు దాటేటప్పుడు వెనక లారీ ఉంటే పక్క అన్న మాటకు అర్థమే చెప్పలేం. 2024 సెప్టెంబరు మొదట్లో ఆకేరు పొంగి అక్కడ రహదారినే తెంపింది. ఆ రోజు లారీకీ పక్క లేదు.

మట్టిదారె = మట్టిదారి మాత్రమే. రహదారి అంచు మట్టి ఒక అర్థం. చెల్కల నడుమ బండ్లబాట ఇంకో అర్థం. రెండూ గ్రాహ్యమే.

తాత్పర్యం

చల్లపొద్దున బయల్దేరు. గాలి చూసుకో. లారీ వస్తే దిగిపో. రోడ్డు మనది కాదు, దాని అంచు మనది.

విశేషాంశాలు

మంచి దారి అనడం వ్యంగ్యమని కొందరు. రాజధానిలో అసలైన మంచి దారి ఉందన్నది వాళ్ళ వాదం. ఉన్న మాట నిజం. హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరు 1న మొదలైంది. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన ఎండ తగలకుండా కప్పు, ఆ కప్పంతా 16 మెగావాట్ల సౌర ఫలకాలు. దక్షిణ కొరియాలో డేజియన్, సెజోంగ్ నగరాల మధ్య ఉన్న బాటకు ఇది బంధువు. ఎండ రాక మున్నె అన్న మొదటి పాదాన్నే రద్దు చేసిన కట్టడం. మెచ్చుకోవలసిందే. కాని అక్కడికి చాలామంది సైకిలును కారు వెనక కట్టుకొని వస్తారు. తొక్కుకుంటూ ఆ బాట దాకా చేరే బాట ఏది అని పద్యం అడుగుతున్నట్టు మాకు తోస్తుంది. మన పాత జిల్లా కేంద్రం వరంగల్ కూడా 2021లో కేంద్రం నడిపిన సైకిళ్ళ పోటీలో దేశంలోని 11 నగరాల్లో ఒకటిగా నెగ్గింది. ఆ గెలుపు తొర్రూరు దాకా రాలేదు, మరిపెడ సంగతి చెప్పనక్కరలేదు.

ఎందుకు రాలేదన్నదానికి శాస్త్రప్రమాణం ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లో సైకిలు బాటలకు పదకొండో నంబరు సూత్రగ్రంథం అచ్చు వేసింది. ఆ 1962 పాఠం ప్రకారం గంటకు 200కు మించి మోటారు బండ్లు తిరిగే రోడ్డు మీద, సైకిళ్ళు గంటకు కనీసం 100 ఉంటే వేరే బాట వేయవచ్చని ఉండేది. మోటార్లు మరిపెడలో ఎప్పుడో పాసయ్యాయి. సైకిళ్ళ లెక్క చూద్దాం. లారీలకు భయపడి ఆడపిల్లలు బడికి ఆటో ఎక్కుతారు, పాలబుడ్లు మోపెడ్డుకు మారతాయి. సైకిళ్ళు వంద కావు. కావు గనుక బాట లేదు. బాట లేదు గనుక సైకిళ్ళు వంద కావు. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. ఇంజనీర్లు సర్వే అంటారు.

పాఠాంతరం

నాలుగో పాదానికి 'తారుదారె మనకు దారి సుమ్ము' అని ఇంకో పాఠం వినబడుతోంది. మొదట దీన్ని తోసిపారేద్దామనుకున్నాం గాని గణాలూ సరిపోయాయి, తాకు దాతో యతీ కుదిరింది. రోడ్డు వెడల్పు చేసి మట్టి అంచును మింగేసే ప్రతిసారీ ఈ పాఠానికి బలం పెరుగుతోంది. అయినా 'సుమ్ము' వట్టి పాదపూరణం, అర్థానికి ఏమీ కలపదు. పైగా ఆ పాఠం ఒప్పుకుంటే మూడో పాదంలో పక్కకు లాగిన సైకిలు ఎక్కడ నిలబడాలో చెప్పాల్సిన భారం ఆ పక్షం మీద పడుతుంది. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కనుక మట్టిదారి పాఠాన్నే ఉంచాం. దాన్ని అనుసరించేవారు పల్లేరుకాయల కాలంలో ఒక ట్యూబు, గాలి పంపు దగ్గర పెట్టుకోగలరు. బండ్లబాట మీద సర్కారు తుమ్మ ముల్లుకు ఏ పాఠమైనా ఒకటే.