బకెట్ నీళ్లకు 30 రూపాయలా, దొరగారూ?

మహారాజశ్రీ పర్యాటకాభివృద్ధి వ్యవహారాలు చూసే పెద్ద అధికారి గారి దివ్యసముఖానికి,

కంభం చెరువు చూద్దామని ముచ్చటపడి వచ్చి, ఊళ్లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగిన అతిథి నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. తమరి ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్లు వస్తాయని కూడా తలుస్తాను. నా ఎడమ చెవి వెనక సబ్బు ఎండిపోయి పెచ్చులు కడుతోంది కనుక మర్యాదలు ఇంతటితో చాలించి అసలు విషయానికొస్తాను.

నీళ్లు లేవండీ.

తమరి శాఖ పేరు రాయలేదని ఏమీ అనుకోవద్దు. నీళ్లు రాని సంగతి ఏ ఆఫీసులో చెప్పినా అది తమది కాదనే అన్నారు. అందుకే పేరు ఖాళీగా వదిలేశాను. ఎవరికి సిగ్గనిపిస్తే వాళ్లు పూరించుకోవచ్చు.

ఈ గెస్ట్‌హౌస్ బోర్డు మీద 'లేక్ వ్యూ గదులు, 24 గంటలూ వేడినీళ్లు' అని ఉంది. వేడినీళ్ల సంగతి దేవుడెరుగు, ముందు నీళ్లేవి? గీజరు ఎర్రలైటు మాత్రం నిష్ఠగా వెలుగుతోంది. లోపల ఏం మరుగుతోందో ఆ గీజరుకే తెలియాలి. ఒళ్లంతా సబ్బు రుద్దుకున్నాక కొళాయి ఒకసారి బుస్సుమంది, తుప్పురంగు చుక్కలు కొన్ని రాల్చింది, ఆ తర్వాత లోపలెక్కడో సుదూరంగా దగ్గి ఊరుకుంది. గది బెల్లు పనిచేయదు. తువ్వాలు చుట్టుకుని వరండాలోకొచ్చి "తమ్ముడూ, నీళ్లు!" అని అరవాల్సొచ్చింది. పక్క గది వాళ్లు తలుపు తీసి చూశారు. వాళ్లాయన మొహం మీదా నురగే.

కింద నుంచి కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "మోటారు కాలింది సార్" అన్నాడు. సరే. మోటారన్నాక కాలుతుంది. తర్వాత మోటారు బాగైంది, కరెంటు పోయింది. కరెంటొచ్చింది, బోరు ఎత్తడం లేదు. బోరు సంగతి వదిలేయండి సార్, ట్యాంకర్‌కి చెప్పాం, దారిలో ఉంది. ఆ ట్యాంకర్ ఏ దారిలో ఉందో గానీ ఈ వీధి దారి మాత్రం కాదు. మళ్లీ అడిగితే మళ్లీ మోటారు దగ్గరికే వచ్చాం. వైండింగుకని మార్కాపురం తీసుకెళ్లారట. పలకలు చేసి దేశమంతా అమ్మిన ఊరది, ఒక మోటారుకు తీగ చుట్టడం దానికంత కష్టమా?

లేక్ వ్యూ సంగతి. నా గది కిటికీ తెరిస్తే ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. చెరువు చూడాలంటే డాబా ఎక్కాలి. ఎక్కాను. డాబా మీద నల్ల సింటెక్స్ ట్యాంకు. మెటికతో కొట్టి చూస్తే పైనుంచి కింద దాకా ఒకటే మోత, ఖణఖణలాడే ఖాళీ. దాని దిమ్మె పట్టుకుని మడమలెత్తి నిలబడితే దూరంగా కొండల కింద కంభం చెరువు మెరుస్తూ కనిపిస్తుంది. ఏం చెరువండీ అది! ఏడు కిలోమీటర్ల పొడవు, సగటున మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. ఆసియాలోని పాత మానవ నిర్మిత చెరువుల్లో ఇదొకటని పాఠాల్లో చదువుకున్నాం. ఆ నీళ్లు కళ్లారా చూస్తూ ఖాళీ ట్యాంకుకు చెయ్యానించి నిలబడటం ఎలా ఉంటుందో తమరొకసారి వచ్చి అనుభవించాలి. అద్దె నేనే కడతాను.

గజపతుల ఆడపడుచు, రాయలవారి దేవేరి వరదరాజమ్మ ఈ చెరువు కట్టించిందని ఇక్కడి వాళ్లు చెబుతారు. కొండకూ కొండకూ మధ్య ఉన్న సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట పోయించింది. జేసీబీ లేదు, టెండరు లేదు, మీ రివ్యూ మీటింగులూ లేవు. తెల్లదొరలు తమ గెజిటీర్‌లో కట్ట ఎత్తు 57 అడుగులని, 430 చదరపు మైళ్ల మేర పడిన వాన ఇందులోకే దిగుతుందని, నేరుగా 10,300 ఎకరాలకు నీళ్లు పారతాయని లెక్కలు రాసుకున్నారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. తమరు చప్పట్లు కొట్టారు, ఫొటోలు దిగారు, ఇక పర్యాటకులు పోటెత్తుతారని పేపర్లో వేయించారు. పోటెత్తాం సార్. ఎత్తి, ఒక్క బకెట్ కోసం మెట్ల మీద కూర్చున్నాం. 430 చదరపు మైళ్ల వాన నా స్నానాల గదిలోకి మాత్రం దిగలేకపోయింది!

రాత్రి భోజనంలో చేపల పులుసు పెట్టారు. చెరువు చేపే అన్నారు. బ్రహ్మాండంగా ఉంది, అబద్ధమెందుకు. చేపలు చెరువులోంచి నా పళ్లెం దాకా రాగలిగాయి, నీళ్లకే దారి దొరకలేదు. తిన్న చెయ్యి బాటిల్ నీళ్లతో కడుక్కున్నాను. బాటిల్ ధర వేరే వేశారు.

అదే 2020లో కేసీ కాలువకూ, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకూ కూడా ఐసీఐడీ వారసత్వ గుర్తింపే వచ్చింది. పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించాడు. తమరు తప్పక చదవాలి, అర్థం చెప్పే మనిషిని నేనే చూసిపెడతాను. చెరువు కట్టాలంటే ఏమేం కావాలో 12 అంగాలు చెప్పి, ఏమేం ఉండకూడదో ఆరు దోషాలు చెప్పారందులో. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా చెక్కించారు. (రెండేళ్లు! మా మోటారుకు అంతకంటే ఎక్కువ పట్టేలా ఉంది.) ఆ దోషాల్లో కట్ట నుంచి నీరు ఊరడం ఒకటి, చవిటి నేల ఒకటి. ఇంకొకటుంది, అది చదివినప్పుడల్లా నాకు తమరే గుర్తొస్తారు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదట. ఆరున్నర శతాబ్దాల కిందటి వాళ్లకు తెలిసిపోయింది చూడండి, ఇద్దరి మధ్య పడిన నీళ్లు ఎవరికీ దక్కవని.

ఈ వీధిలో పైపు కూడా సరిగ్గా అక్కడే పగిలింది. గెస్ట్‌హౌస్ గోడ దాటి జానెడు దూరం. యజమానిని అడిగితే, "గోడ లోపలిదైతే మాది సార్, బయటిది మాది కాదు" అన్నాడు. బయట అడిగితే రోడ్డు తవ్వినవాళ్లు బాగుచేయాలన్నారు. తవ్వినవాళ్లు కేబుల్ కోసం తవ్వారు, పైపు తమ పని కాదన్నారు. ఆ గుంటలో మాత్రం నీళ్లున్నాయి. గేదె పడుకుని ఉంది. ఊరు మొత్తంలో సుఖంగా స్నానం చేసినది అదొక్కటే.

ఎలాగూ రాస్తున్నాను గనక మిగతావీ రాసేస్తాను. తలకో ఆధార్ జిరాక్సు తీసుకుంటారు సరే, జిరాక్స్ షాపు మధ్యాహ్నం మూస్తారని ముందే చెప్పొచ్చు కదా. ప్లగ్గు పాయింటు తలుపు వెనక ఉంటే ఫోన్ ఎక్కడ పెట్టాలి? టీవీ రిమోట్‌లో బ్యాటరీలు లేవు, అడిగితే పక్క గదిలోంచి తీసి తెచ్చారు, కాసేపటికి పక్క గది వాళ్లు అడిగితే మళ్లీ పట్టుకెళ్లారు. దోమతెర కిటికీకి కాకుండా బాత్రూం వెంటిలేటర్‌కి కొట్టారు. దోమలకు అక్కడ ఏం పని, నీళ్లే లేనప్పుడు? కళాత్మకంగా ఒకటి మాత్రం చేశారు. అద్దం పక్కన లామినేషన్ చేసి అంటించారు: 'నీటిని పొదుపుగా వాడండి'. పొదుపా? ఏం వాడమంటావయ్యా, ఆ గాలినా? చెప్పు! నువ్వు వచ్చి ఈ బాత్రూంలో నిలబడి చెప్పు, పొదుపంటే ఏమిటో!

క్షమించాలి, 'తమరు' అన్నాను అనుకోండి.

బిల్లు దగ్గరికొస్తే. గది అద్దె, దాని మీద జీఎస్టీ, భోజనం. దాని కింద ఒక లైను: ఇతరములు. ఎంతో కూడా వేశారు. ఇతరములంటే ఏమిటి తమ్ముడూ అని కుర్రాణ్ణి అడిగాను. తల గోక్కున్నాడు. "బకెట్లు సార్. రోజుకు రెండు ఫ్రీ. ఆపైన బకెట్‌కి 30." లేక్ వ్యూ గదిలో, వారసత్వ చెరువున్న ఊళ్లో, బకెట్ నీళ్లు 30 రూపాయలు. బకెట్ కూడా నిండు బకెట్ కాదండీ. పగిలిన చోట ఎం-సీల్ పెట్టి అతికారు, ఆ అతుకు దాకా పోస్తే కారుతుంది కాబట్టి దాని కింద దాకానే పోస్తారు. ముప్పావు బకెట్టుకు పూర్తి బకెట్ డబ్బు. ఆ అతుకు బొటనవేలి ముద్రతో సహా ఎండిపోయి ఉంది. ఎవరి వేలో గానీ ఈ ఊళ్లో నీటి లెక్క దాంతోనే తేలుతోంది.

గొడవ పెట్టుకుందామనే నోరు తెరిచాను. కానీ ఆ బకెట్లు రెండో అంతస్తుకు మోసింది ఆ కుర్రాడే. రెండు చేతుల్లో రెండు, మెట్టుమెట్టుకూ తొణుకుతూ, ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి. పొద్దున ఇక్కడ పని, తర్వాత బీకాం క్లాసులు. "మీ ఇంట్లో నీళ్లొస్తాయా?" అని అడిగాను. నవ్వాడు. "అమ్మ తెల్లారుజామున బిందెలు వరసలో పెట్టొస్తుంది సార్. పనికి పోయేలోపు వస్తే వచ్చినట్టు." మరి చెరువు? "చెరువు పొలాలకు కదా సార్. మాకు వెలిగొండ నీళ్లొస్తాయంటున్నారు. నేను పుట్టకముందు నుంచీ అంటున్నారు."

నిజమే. ఆ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం వరదలోంచి 43.5 టీఎంసీలు, నల్లమల కడుపులోంచి రెండు సొరంగాలు. 2024 మార్చిలో ఆ సొరంగాలను జాతికి అంకితం కూడా చేశారు. ఆ కుర్రాడి తల్లి కూడా జాతిలో మనిషే కదండీ. ఆమె బిందె దాకా ఆ నీళ్లు ఎప్పుడొస్తాయో ఒక్క ముక్క చెప్పించండి.

ఇక నాకు వెటకారం రావడం లేదు సార్. మేం వచ్చిపోయేవాళ్లం. ఇంటికెళ్లి తలంటు పోసుకుంటాం, నాలుగు రోజులు అందరికీ చెప్పుకుని నవ్వుకుంటాం. ఇక్కడి వాళ్లు ఎక్కడికి పోతారు? అతిథి బకెట్‌కి 30 పెట్టి కొంటే ఆ నీళ్లు ఎవరి వంతులోంచి వస్తున్నాయి? ట్యాంకర్ ఇటు తిరిగిన ప్రతిసారీ ఏ వీధికి పోవలసింది పోకుండా పోతోంది? ఊరికి గుర్తింపు వచ్చిందని మమ్మల్ని పిలుస్తున్నారు. పిలవండి, వద్దనడం లేదు. పిలిచేముందు ఆ జానెడు పైపు అతికించండి. ఒక్క ప్లంబరు, ఒక పూట పని. గోడ లోపలిదా బయటిదా అని అడక్కుండా ఎవరో ఒకరు వచ్చి ఆ గేదెను లేపి పైపు మార్చండి. ఆ ఖర్చు కావాలంటే నా ఇతరముల్లో వేసుకోండి. కుర్రాడి చేతులకైనా కాస్త విశ్రాంతి దొరుకుతుంది. దయచేసి, సార్.

ఇట్లు,
తమ విధేయుడు,
రెండో అంతస్తు, లేక్ వ్యూ గది

తా.క.: సంతకం పెడుతుండగానే కింద హారన్ మోగింది. ట్యాంకరే. గదుల్లోంచి అందరూ బకెట్లతో పరుగెత్తారు. తీరా చూస్తే మాకు కాదట, పక్క కల్యాణ మండపంలో పెళ్లికట. తమరి జవాబు నిదానంగా పంపండి, తొందరేం లేదు. నేను దిగి ఆ డ్రైవరు గారిని బతిమాలుకుంటాను. ఆయన దగ్గర పైపూ ఉంది, నీళ్లూ ఉన్నాయి.