గోంగూర గదిపై ఒక మహజరు

మహారాజశ్రీ పాఠక మహాశయుల సముఖమునకు, రెడ్డిగూడెం కాపురస్తుడు, ముప్పై మూడేళ్ళు బడిలో లెక్కలు చెప్పి రిటైరై, అయిదెకరాల మామిడి తోటనూ ఒక భార్యనూ నమ్ముకుని బతుకుతున్న ఒక మాస్టారు విన్నవించుకొనునది ఏమనగా: మా ఇంట్లో వెనక గది ఇక మాది కాదు. అది గోంగూరది.

నవ్వకండి. నవ్వినవాళ్ళందరి ఇళ్ళకూ వస్తుంది ఈ జబ్బు. ఇప్పటికే మా వీధిలో మూడిళ్ళకు పాకింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మా వైపు గోంగూరని ఎవరూ పంట అనరు. పోయినేడు గట్టు మీద ఎవరో వదిలేసిన కాయలు పగిలి, తొలకరికి వాటంతటవే లేస్తాయి. మేక కొంత కొరుకుతుంది, పక్కింటావిడ కొంత గిల్లుకుంటుంది, మిగిలింది మనది. మాకు మర్యాదలన్నీ మామిడికే. పూతకు మందు కొడతాం, పిందెకు మొక్కుకుంటాం, కాయకు కవరు తొడుగుతాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు పోయింది, మేం ఎన్టీఆర్ జిల్లాలో పడ్డాం. చెట్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి మా చిన్నరసాలు ఇప్పటికీ నూజివీడు రసాలుగానే చలామణీ అవుతున్నాయి. తోతాపురిని మేం కలెక్టరు కాయ అంటాం. అంతటి కలెక్టరు కూడా మా ఊళ్ళో ఎండలో చెట్టుకు వేలాడాల్సిందే. గోంగూరకి మాత్రం గది, ఫ్యాను, కూలరు, దీపం!

దీనికంతటికీ మూలం డెన్వర్. మా అమ్మాయి కాపురం అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని ఆ ఊళ్ళో. అక్కడ మే నెల సగం గడిస్తేగాని మంచు భయం పోదట. అందుకని మార్చిలోనే ఇంట్లో గోంగూర విత్తనం వేసి, దీపం కింద నారు పెంచి, ఎండలు ముదిరాక పెరట్లో నాటుకుంటుంది. దూరదేశంలో ఉన్న పిల్ల, పచ్చడి మీద బెంగ. నేను కాదనను.

అయితే ఆ దీపమూ, నల్లగుడ్డ గుడారమూ కొనడానికి దుకాణానికి వెళ్తే అక్కడి కుర్రాడు కన్ను గీటి నవ్వాడట. ఎందుకంటే ఆ రాష్ట్రం వాళ్ళు 2012 నవంబరులో ఓట్లేసి మరీ గంజాయిని చట్టబద్ధం చేసుకున్నారు. 2014 జనవరి 1 నుంచి దుకాణాల్లో బాహాటంగా అమ్ముతున్నారు. ఇరవై ఒక్కేళ్ళు నిండినవాళ్ళు మనిషికి ఆరు మొక్కల చొప్పున ఇంట్లో పెంచుకోవచ్చు. ఆ గుడారాలకు గిరాకీ అంతా దాని చలవే. "ఏ రకం పెంచుతున్నారు?" అని అడిగాడట. మా పిల్ల అమాయకంగా "ఎర్ర కాడ" అందట. అతను ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఎక్కడా దొరకని సరుకేమోనని గౌరవంగా తలూపి, బిల్లులో తగ్గించి ఇచ్చాడట.

ఈ కథ వీడియో కాల్‌లో విన్న మా ఆవిడ నవ్వలేదు. ఆలోచించింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఆలోచించిన ప్రతిసారీ నాకు ఖర్చయింది.

"ఏవండీ, పెరట్లో ఏది వేసినా కోతులు పీకి పారేస్తున్నాయి. వెనక గది ఖాళీగానే ఉందిగా?"

వెనక గది ఖాళీగా లేదు. అందులో నా మడతమంచం ఉంది, పాత పంచాంగాలున్నాయి, నేనున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆ గదిలో నేను సాగించే నిద్రకు రిటైరైన నాటి నుంచీ సర్వీసు ఉంది. అయినా ఏప్రిల్ మొదటి వారంలో నన్నూ మంచాన్నీ వసారాలోకి బదిలీ చేశారు. నా స్థానంలో 98 గుంటల ప్రోట్రే ఒకటి, కొబ్బరి పొట్టు బస్తా ఒకటి, ఊదారంగు దీపం ఒకటి ఛార్జి తీసుకున్నాయి.

దీపం వంద వాట్లు. రోజుకు పద్ధెనిమిది గంటలు వెలగాలని డెన్వర్ ఉత్తర్వు. పగటి పొద్దు తగ్గితే గోంగూర పూతకు దిగి ఆకు వేయడం మానేస్తుంది కాబట్టి, దానికి పొద్దు గూకనివ్వకూడదట. గంజాయికీ అదే సూత్రమట. వంద వాట్లు, పద్ధెనిమిది గంటలు: రోజుకు 1.8 యూనిట్లు, నెలకు 54. కూలరూ ఫ్యానూ అదనం. సంతలో ఇరవై రూపాయలు పడేస్తే చేటెడు గోంగూర వస్తుంది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసి మా ఆవిడకు చూపించాను. ఆవిడ ఆ కాగితాన్ని ట్రే కింద నీళ్ళు పీల్చడానికి వేసింది.

నాలుగో రోజుకు మొలకలొచ్చాయి. 98లో 81. సంబరం రెండు రోజులు. మూడో రోజుకు ఒక్కొక్కటీ దారప్పోగులా సాగి, తెల్లబోయి, మెడ నిలబెట్టలేక ఊగుతున్నాయి. దీపాన్ని ఫ్యాను కొక్కేనికి తగిలించారు మరి! కింద మొలక ఆ వెలుతురు కోసం ఎగబాకి ఎగబాకి ఒంట్లో ఉన్నదంతా పొడుగుకే పెట్టేసింది. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి గడ్డి మొలకల కొసలకు చిన్న చిన్న టోపీలు పెట్టి చూసి, వెలుతురు ఎటుందో పసిగట్టేది ఆ కొసేనని తేల్చారు. ఆ తండ్రీకొడుకులు మొలకలకు టోపీ పెట్టారు. ఈ తల్లీకూతుళ్ళు నాకు పెట్టారు. దీపాన్ని మూరెడు ఎత్తుకు దించమని నేనంటే "మీకేం తెలుసు" అన్నారు. డెన్వర్ నుంచి అదే మాట వస్తే "చూశారా, చదువుకున్న పిల్ల" అన్నారు.

దీపం దిగింది. గండం దిగలేదు. వారం తిరిగేసరికి మొక్కలు ఒక్కొక్కటే పడిపోవడం మొదలెట్టాయి. రాత్రి నిలబడి ఉన్నది తెల్లారేసరికి మట్టి దగ్గర నడుము నొక్కుకుపోయి, నీరుకారి, ఆకు పచ్చగా ఉండగానే అడ్డంగా పడుంటుంది. దీన్ని నారుకుళ్ళు అంటారు. పిథియం అనే నీటి బూజు, రైజోక్టోనియా అనే శిలీంధ్రం, ఇలాంటివి చేసే పని. వీటికి కావలసినవి మూడే: ఆరని తడి, ఆడని గాలి, ఒత్తుగా ఉన్న లేత కాండాలు. మా ఆవిడ ఈ మూడూ అడక్కుండానే సమకూర్చింది. పూటపూటకీ చెంబుతో నీళ్ళు, చాలదన్నట్టు పైనుంచి పిచికారీ, తలుపులు బిగించి కూలరు. ఏప్రిల్ ఎండకు రెడ్డిగూడెమంతా పెటపెటలాడుతుంటే, మా వెనక గది ఒక్కటే శ్రావణ మాసంలో ఉంది.

తడికి నుసుమలు చేరాయి. నుసుమలకు పరామర్శకులు తోడయ్యారు. పసిమొక్క నలతపడిందని తెలిస్తే మా వీధి ఊరుకోదు. ఒకావిడ చిటికెడు యూరియా నీళ్ళలో కలిపి పొయ్యమంది. చిటికెడు ఎవరి చిటికెడో చెప్పలేదు. పన్నెండు మొక్కలు ఆకు అంచులు మాడి పోయాయి. ఇంకొకాయన ట్రైకోడెర్మా తెచ్చిచ్చాడు. అది మంచి బూజు, చెడ్డ బూజును తినేస్తుంది. మూడో ఆయన కాపర్ ఆక్సీక్లోరైడ్ ఇచ్చి లీటరుకు మూడు గ్రాముల చొప్పున మొదళ్ళు తడపమన్నాడు. అది బూజును చంపే మందు. విడివిడిగా ఇద్దరూ మంచి వైద్యులే. మా ఆవిడ పొద్దున మొదటిదీ సాయంత్రం రెండోదీ పోసింది. మధ్యాహ్నం అల్లుణ్ణి భోజనానికి పిలిచి, వాకిట్లో కుక్కను విప్పినట్టయింది.

81 కాస్తా 34కు దిగింది. మా ఇంట్లో అన్నం సరిగా దిగని రోజులవి. డెన్వర్‌లో అర్ధరాత్రి పూట మా అమ్మాయి లేచి ఫోను ముందు కూర్చునేది. పడిపోయిన ఒక్కో మొక్కనీ మా ఆవిడ కెమెరాకు చూపిస్తుంటే, అటు నుంచి "అయ్యో" అని ఒక నిట్టూర్పు. నాకు 2009లో పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఇందులో సగం హడావిడి లేదు.

ఈ దశలో విస్సన్నపేటలో మా ఆవిడ పిన్నిగారింట పెళ్ళి తగిలింది. తప్పనిసరి. రెండు రాత్రులు. వెళ్తూ గుమ్మంలో నిలబెట్టి నాకు మూడు ఆజ్ఞలు జారీ చేసింది: పూటకోసారి నీళ్ళు, కూలరు ఆగకూడదు, తలుపు తియ్యకూడదు.

సత్యప్రమాణంగా చెబుతున్నాను, నేను కావాలని చెయ్యలేదు. ఆ పూటే తోటలో కోత పడింది. కూలీలు, ట్రాక్టరు, గ్రేడింగు, నున్న మార్కెట్టుకు లోడు. రెండు రాత్రులూ తోటలోనే పడుకున్నాను. నీళ్ళు పొయ్యలేదు. కూలర్లో నీళ్ళు నింపలేదు. హడావిడిలో ఫ్యాను ఆపలేదు, తలుపు మూయలేదు. ఇవన్నీ నా మీద పాత కేసులే. ఫ్యాను ఆపకుండా పోవడం గురించి నలభై ఏళ్ళుగా తిట్లు తింటున్నాను.

మూడో రోజు నేనూ ఆవిడా ఒకేసారి గుమ్మం ఎక్కాం. లోపలికి వెళ్ళిన మనిషి కేక పెట్టలేదు. నా గుండె ఆగింది. వెళ్ళి చూద్దును కదా, కొబ్బరి పొట్టు పైపొర ఆరి లేత గోధుమరంగుకు తిరిగింది. నుసుమలు మాయం. పోవలసినవి పోగా 27 మొక్కలు గాలికి అటూ ఇటూ ఊగి ఊగి కాండం గట్టిపడి, పోలీసు పెరేడ్‌లో నిలబడ్డట్టు నిలబడ్డాయి. ఒక్కోదానికీ కొత్త ఆకు జత. తర్వాత నర్సరీ అతను అసలు సంగతి చెప్పాడు: పడిపోయినది ఎటూ లేవదు, దాని మట్టితో సహా తీసి పారెయ్యాలి. మిగిలినవాటికి మందు కన్నా ముందు నీళ్ళాపి, గాలి తగలనివ్వాలి. పైన వేలు పెడితే పొడి తగిలాక, ట్రే అడుగు నుంచి కాసిని నీళ్ళు పీల్చుకోనివ్వాలి. అంతే వైద్యం.

అంటే ఏమిటి? నా నిర్లక్ష్యమే సంజీవని! ఈ మాట పైకి అన్నాను. "పెళ్ళిలో వెంకన్నకు మొక్కుకున్నాను, అందుకే" అంది ఆవిడ. డెన్వర్ వాళ్ళు "నేను చెప్పిన దీపం ఎత్తు పనిచేసింది" అన్నారు. నా పేరు రికార్డుల్లో లేదు.

ఇక్కడితో ఆగితే మహజరు రాసేవాణ్ణి కాదు. గోంగూర పసితనంలో మామూలు గుండ్రటి ఆకు వేస్తుంది. ఒళ్ళు చేశాక కొత్త ఆకులు చేతి వేళ్ళలా చీలతాయి, అంచున రంపపు పళ్ళు. 27 మొక్కలూ కోలుకుని, కుండీల్లోకి మారి, అయిదు వేళ్ళ ఆకులు విప్పాయి. రాత్రి పదకొండింటికి కిటికీలోంచి ఊదారంగు వెలుతురు, దాని మీద ఆ ఆకుల నీడ. వీధిలోంచి చూస్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రోజులు కూడా అలాంటివి. 2021లో ఆపరేషన్ పరివర్తన అని విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి నరికారు. ఆ మరుసటి ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకు కుప్పపోసి తగలబెట్టారు. ఇప్పుడు గంజాయి సమాచారం చెప్పమనే ఈగల్ పోలీసుల 1972 ఫోను నంబరు పిల్లలకు కూడా కంఠతా వచ్చు. డెన్వర్‌లో ఆరు మొక్కలు హక్కు. ఇక్కడ 1985 నాటి చట్టం ప్రకారం కొండ మీద పెంచినా, కొంపలో పెంచినా పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. ఎవరు ఫోను చేశారో నాకు తెలుసు. చెప్పను. రోజూ మాకు పెరుగు తోడు ఆ ఇంటి నుంచే వస్తుంది.

వచ్చిన కానిస్టేబులు నా దగ్గర చదువుకున్నవాడే. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయిన కుర్రాడు. టోపీ తీసి, "మాస్టారూ, ఏమనుకోకండి, ఒక్కసారి వెనక గది చూడాలండీ" అన్నాడు. చూశాడు. ఫోనులో బొమ్మ తీసి పక్కన పెట్టుకుని చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

నేను పాఠం అందుకున్నాను. "చూడు బాబూ, గంజాయి రెబ్బలు దేనికది విడివిడిగా ఉండి కాడ కొసన కలుస్తాయి. ఇది ఒకటే ఆకు, వేళ్ళలా చీలిందంతే. నీకు అనుమానం రావడంలో తప్పు లేదు. 1759లో మొక్కల శాస్త్రవేత్త లిన్నేయస్ అంతటివాడే దీన్ని చూసి మందార జాతిలో వేసి, గంజాయిని పోలినది కాబట్టి హైబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టాడు. నార తీసే గోగు ఇదే. ఆమదాలవలసలో దీని మీద పరిశోధన చేసే కేంద్రమే ఉంది." కుర్రాడు లిన్నేయస్ దగ్గరే నన్ను వదిలేశాడు. అప్పటి తరగతి గది చూపే అది.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఒక ఆకు తుంచి వాడి నోట్లో పెట్టింది. "నమలరా."

నమిలాడు. ఒక కన్ను మూసుకుపోయింది. "పులుపండీ!" అన్నాడు. కేసు అక్కడికక్కడే కొట్టేశారు. తులసి వనంలో గంజాయి మొక్క అని సామెత. గోంగూర వనంలో ఉన్నా అనుమానించారు నన్ను, ఏం చేస్తాం. పోతూ పోతూ సాక్ష్యంలో రెండు గుప్పెళ్ళు కట్ట కట్టించుకు వెళ్ళాడు.

వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. మఫ్టీలో. "మా ఆవిడ అడగమందండీ, ఆ దీపం ఎక్కడ దొరుకుతుందని." ఇప్పుడు వాళ్ళింటి కిటికీ ఊదారంగు. పెరుగు తోడు వారిది ఊదారంగు. మలుపులో కిరాణా కొట్టు మేడ మీద కూడా ఊదారంగే.

అందరివీ పడిపోతున్నాయి, అందరూ చెంబులతో పోస్తున్నారు కాబట్టి. పడిపోగానే నాకు కబురు. "మాస్టారూ, మీ చెయ్యి మంచిదటగా. మేం ఊరెళ్తున్నాం. రెండు రోజులు మా ట్రేని కాస్త పట్టించుకోకుండా ఉంటారా?"

తాళంచెవులు నా మొలతాడుకు చేరాయి. మూడిళ్ళ ట్రేలను పట్టించుకోకుండా ఉండే బాధ్యత నాది. పొద్దున లేవగానే ఆలోచన ఆ పట్టించుకోకపోవడం మీదే. మధ్యాహ్నం మంచమెక్కుతానా, కునుకు పట్టదు. కిరాణా వారింట్లో ఫ్యాను నేను ఆపకుండానే వచ్చానా, లేక పొరపాటున ఆపేశానా? లేచి, చొక్కా తగిలించుకుని, ఎండలో చూడ్డానికి పోతాను. నలభై ఏళ్ళు అవలీలగా చేసిన పని ఇప్పుడు కాళ్ళరిగిపోయేలా చెయ్యాల్సి వస్తోంది.

కావున దయతలచి, వెనక గదీ మడతమంచమూ నాకు తిరిగి ఇప్పించవలెనని ప్రార్థన. గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ముక్కతో, ఇప్పుడే వడ్డించారు. తినేసి వచ్చి సంతకం చేస్తాను.