ఎనిమిది పోర్టుల స్విచ్ ఆత్మకథ

ఒక పోర్టులో వచ్చిన ఫ్రేమ్‌ను సరైన పోర్టు వైపు పంపించడమే ఈథర్‌నెట్ స్విచ్ పని. ఆ ఫ్రేమ్‌లో సినిమా ఉందో, వీడియో కాల్ ఉందో, కరెంటు బిల్లు ఉందో దానికి అనవసరం. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్నది అలాంటి స్విచ్చే: ఇనుప డబ్బా, ఎనిమిది గిగాబిట్ పోర్టులు, ఫ్యాను లేదు, సెట్టింగుల పేజీ లేదు, పాస్‌వర్డూ లేదు. దానితో వచ్చిన ఒంటి కాగితం మాన్యువల్‌లో ‘నేను’ అన్న మాట ఎక్కడా కనబడదు. ఆ పద్ధతే ఇక్కడా సాగుతుంది.

దీని వంశం 1980ల నాటిది. అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో ఈథర్‌నెట్ తీగలను కలిపే బ్రిడ్జ్‌లు తయారవుతున్న రోజుల్లోనే ఒక చిక్కు వచ్చిపడింది. అవే రెండు తీగల మధ్య రెండు బ్రిడ్జ్‌లు ఉంటే ఫ్రేమ్‌లు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. అక్కడి ఇంజనీరు రేడియా పెర్ల్‌మన్ దీనికి స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ రూపొందించి, 1985లో పరిశోధన పత్రంగా ప్రచురించారు. బ్రిడ్జ్‌లు తమలో తాము మాట్లాడుకుని, అదనపు దారిని మూసేసి, ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఒక్క దారే మిగిలేలా చూసుకుంటాయి. 1990లో అది ఐఈఈఈ 802.1డి ప్రమాణమైంది. కల్పన అనే కాలిఫోర్నియా కంపెనీ ఈథర్‌నెట్ స్విచ్‌ను మార్కెట్లోకి తెచ్చిందీ ఆ ఏడాదే. 1994లో ఆ కంపెనీని సిస్కో కొనుక్కుంది. ఆఫీసుల్లో కూర్చునే స్విచ్‌లకు స్పానింగ్ ట్రీ మామూలు విద్య. ఇళ్లకొచ్చే చవక స్విచ్‌లలో చాలావాటికి మాత్రం అది నేర్పరు. ధర తగ్గాలి కదా!

ఈ స్విచ్ బతుకంతా ఒక పట్టిక. ఫ్రేమ్ రాగానే, పంపిన పరికరం మ్యాక్ చిరునామా ఏ పోర్టులో వచ్చిందో అందులో రాసుకుంటుంది. చేరాల్సిన చిరునామా పట్టికలో ఉంటే ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. లేకపోతే వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నింటికీ పంపుతుంది. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్‌దీ అదే దారి: ఊళ్లో దండోరా వేసినట్టు అన్ని వైపులా వెళ్తుంది. ఐపీ ప్యాకెట్‌కైతే టీటీఎల్ అనే ఆయుష్షు ఉంది. రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది, సున్నాకు చేరితే ప్యాకెట్ పోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అలాంటి లెక్క లేదు. దారి గుండ్రమైతే అది చావదు. ఒకే గుండ్రం ఉంటే పాతవి తిరుగుతుండగానే కొత్తవి వచ్చి చేరతాయి. రెండు గుండ్రాలు కలిస్తే చుట్టుచుట్టుకూ నకళ్లు పుడతాయి. 64 బైట్ల చిన్న ఫ్రేమ్‌లైతే గిగాబిట్ తీగలో సెకనుకు 14,88,095 పడతాయి. తీగల మీద ఈ ఫ్రేమ్‌ల తుఫానుకు హద్దు అదే.

స్విచ్ చేరిన ఇల్లు హైదరాబాద్‌లో మూడంతస్తులది. ఫైబర్ బాక్స్ కింది హాల్లో ఉంది. ఇల్లు కట్టేటప్పుడే గోడల్లోంచి క్యాట్-6 తీగలు లాగి ఉంచారు. తర్వాత మూడు నోడ్‌ల (వై-ఫై పెట్టెల) మెష్ వై-ఫై కొన్నారు. ప్రధాన నోడ్ ఫైబర్ బాక్స్‌కు, దాని లాన్ పోర్టు స్విచ్‌కు, స్విచ్ నుంచి ఒక్కో తీగ పై అంతస్తుల నోడ్‌లకు. కాగితం మీద గీస్తే కొమ్మలే తప్ప గుండ్రం ఎక్కడా కనబడదు. వైరింగ్ చూసిన ఎలక్ట్రీషియన్ అంతా బాగుందన్నాడు. బాగానే ఉంది కూడా. రెండో దారి గోడలో లేదు, గాలిలో ఉంది.

మెష్ నోడ్ ఆన్ అయినప్పుడు ప్రధాన నోడ్‌తో రేడియో ద్వారా చెయ్యి కలపడానికి చూస్తుంది. అదే ప్రధాన నోడ్ తీగలోంచి కూడా అందుతోందని తెలిస్తే రేడియో దారిని పక్కన పెట్టి తీగను పట్టుకోవాలి. తెలియడమే అసలు సంగతి. అందుకు నోడ్‌లు చిన్న చిన్న గుర్తింపు ఫ్రేమ్‌లు పంపుకుంటాయి. ఈజీమెష్ ప్రమాణం పాటించే పరికరాలు ఐఈఈఈ 1905.1 పద్ధతి వాడతాయి, కొన్ని స్పానింగ్ ట్రీ ఫ్రేమ్‌లనే వాడతాయి, కొన్నిటికి కంపెనీ సొంత పద్ధతి. స్పానింగ్ ట్రీ ఫ్రేమ్‌లు వెళ్లేది 01-80-సీ2-00-00-00 అనే చిరునామాకు. ప్రమాణం ప్రకారం బ్రిడ్జ్ అన్నది ఈ చిరునామాకొచ్చిన దాన్ని ముందుకు పంపకూడదు. తానే చదువుకుని, తన తరఫున మరొకటి పంపాలి. ఈ స్విచ్‌లోని చిప్ అందులో సగం రూలే పాటిస్తుంది. ముందుకు పంపదు, చదవదు కూడా. చవక స్విచ్‌లలో ఇంకో రకం ఈ ఫ్రేమ్‌లను మామూలు వాటిలాగే అన్ని పోర్టులకూ వదిలేస్తుంది. రూలు తప్పేది అదే అయినా, నోడ్‌ల మాటలు అవతలికి చేరతాయి కాబట్టి ఆ ఇంట్లో మెష్ చక్కగా నడుస్తుంది!

ఈ ఇంట్లోని నోడ్‌లు స్పానింగ్ ట్రీని నమ్ముకున్నవి. స్విచ్ అవతల ఎవరున్నారో వాటికి తెలియలేదు. తీగా తెరిచే ఉంది, గాలీ తెరిచే ఉంది.

కరెంటు పోయి వచ్చిన ఒక సాయంత్రం లక్షణాలన్నీ బయటపడ్డాయి. మామూలుగా స్విచ్ లైట్లు ఎవరి లయలో అవి మిణుకుమంటాయి. దారి గుండ్రమై లూప్ పడితే వాడుకలో ఉన్న పోర్టులన్నీ ఒకే వేగంతో, దాదాపు ఆగకుండా కొట్టుకుంటాయి. ఫోన్‌లో వై-ఫై గీతలు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. కారణం పట్టికలో ఉంది. ఫోన్ పంపిన బ్రాడ్‌కాస్ట్ ఒక చుట్టు తిరిగి మరో పోర్టులోంచి రాగానే ఆ ఫోన్ అటువైపు ఉందని స్విచ్ రాసుకుంటుంది. నోడ్‌లు కూడా అలాగే పొరబడతాయి. జవాబులు ఫోన్ లేని దిక్కుకు పోతాయి. దీనికి తోడు, తిరిగే ప్రతి బ్రాడ్‌కాస్ట్‌నూ నోడ్‌లు ఫోన్లన్నింటికీ వినబడేలా తక్కువ వేగంతో గాలిలోకి వదులుతాయి. రేడియో సమయమంతా అందులోనే కరిగిపోతుంది, ఫోన్ బ్యాటరీ కూడా తొందరగా దిగుతుంది.

అన్నీ ఆపి ఆన్ చేయండన్నది నెట్ కంపెనీ మనిషి సలహా. చేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఆ కాసేపే పెద్ద ఆధారం. తీగ లింకు కొద్ది సెకన్లలో లేస్తుంది. రేడియో లింకు కుదరడానికి నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. నోడ్ రేడియో కలిసిన క్షణం నుంచే నెట్ చచ్చిందంటే గాలి దారిని అనుమానించాలి.

తర్వాతి పని స్విచ్ నుంచి ఒక్కో తీగే పీకి, లైట్లు నెమ్మదించే వరకు ఆగి చూడడం. అన్నీ ఒకేసారి పీకితే ఏమీ తెలియదు. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. రెండో అంతస్తు తీగ పీకగానే ఇల్లంతా నెట్ వస్తుంది. దాంతో తీగే పాడైందని తేల్చేస్తారు. చివర క్లిప్పు కొత్తది కొట్టిస్తారు, టెస్టర్ పెడితే లోపలి ఎనిమిది తీగలూ బాగున్నట్టు చూపిస్తుంది, మళ్లీ గుచ్చితే మళ్లీ తుఫాను. నిజానికి తీగ పీకినా ఆ నోడ్ రేడియో మీద బతికే ఉంది కాబట్టి నెట్ వచ్చింది. కనుక పరీక్షను తిరగేసి కూడా చేయాలి: తీగ ఉంచి, మెష్ యాప్‌లో ఆ నోడ్‌కు వైర్‌లెస్ బ్యాక్‌హాల్‌ను, అంటే నోడ్‌ల మధ్య రేడియో లింకును, ఆపాలి. తీగ ఒక్కటే ఉంటే శాంతం, గాలి ఒక్కటే ఉన్నా శాంతం, రెండూ కలిస్తేనే తుఫాను అని తేలితే ఇక సందేహం లేదు. ల్యాప్‌టాప్‌లో ఫ్రేమ్‌లను చూపించే వైర్‌షార్క్ నడిపితే, ఐపీ చిరునామా అడిగే ఒకే డీహెచ్‌సీపీ అభ్యర్థన, అదే ట్రాన్సాక్షన్ నంబరుతో, అదే టీటీఎల్‌తో వరదలా కనబడుతుంది. టీటీఎల్ తగ్గుతూ వస్తుంటే అది రౌటర్ల మధ్య గొడవ. తగ్గకపోతే స్విచింగ్ లూప్.

మరికొన్ని దారులనూ తోసిపుచ్చాలి. పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా మార్చి దానికి రెండు తీగలు గుచ్చడం, ఒకే తీగ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పెట్టడం, ల్యాప్‌టాప్‌లో వై-ఫైనీ లాన్‌నూ బ్రిడ్జ్ చేసి మరచిపోవడం. ఫైబర్ బాక్స్‌కూ ప్రధాన నోడ్‌కూ మధ్య స్విచ్ పెట్టి, మిగతా నోడ్‌లను దానికే తగిలించడం ఇంకో రకం. అది అచ్చంగా లూప్ కాదు గానీ ఇంటి లోపలి, బయటి నెట్‌వర్క్‌లు కలగాపులగమవుతాయి. నోడ్‌లన్నీ ప్రధాన నోడ్ తర్వాతే ఉండాలి.

చికిత్సలో మొదటి మెట్టు స్విచ్‌ను తప్పించడం. పై అంతస్తు తీగను నేరుగా ప్రధాన నోడ్ లాన్ పోర్టులో గుచ్చితే అంతా కుదుటపడింది. గుర్తింపు ఫ్రేమ్‌లను మింగుతున్నది ఎవరో అలా తెలిసింది. ప్రధాన నోడ్‌కు మిగిలిన లాన్ పోర్టు లేదు కాబట్టి స్పానింగ్ ట్రీ తెలిసిన మేనేజ్డ్ స్విచ్ తెచ్చారు. అందులో అమరిక చిన్నదే: స్పానింగ్ ట్రీకి వేగవంతమైన రూపమైన ఆర్‌ఎస్‌టీపీని ఆన్ చేయడం, ప్రాధాన్య అంకెను 32768 నుంచి 4096కు తగ్గించడం. అంకె చిన్నదైన స్విచ్చే చెట్టుకు వేరు (రూట్) అవుతుంది. ఏ దారి ఉంచాలో స్పానింగ్ ట్రీ ఒక్కో దారికి కట్టే ఖర్చును బట్టి తేలుస్తుంది. దాని పాత లెక్కల్లో గిగాబిట్ తీగ ఖర్చు 4, వంద మెగాబిట్ల తీగది 19. గాలి దారికి అంతకన్నా ఎక్కువ ఖర్చు కడితే మూతపడేది గాలి దారే. పాత స్పానింగ్ ట్రీ (ఎస్‌టీపీ)లో పోర్టు తెరుచుకోవడానికి 15, 15 కలిపి 30 సెకన్లు పడుతుంది, ఆర్‌ఎస్‌టీపీలో అంత ఆలస్యం ఉండదు. మేనేజ్డ్ స్విచ్ కొనే వీలు లేనివాళ్లు యాప్‌లో ఈథర్‌నెట్ బ్యాక్‌హాల్‌ను ముందు ఎంచుకుని, ఆ తర్వాతే తీగ గుచ్చాలి.

ఈ స్విచ్ ఇప్పుడు మొదటి అంతస్తులో టీవీ వెనక ఉంది. లోపలికి వచ్చేది ఒక్క తీగ. దానికి తగిలించినవి టీవీ, సెట్‌టాప్ బాక్స్, గేమ్ కన్సోల్. వీటిలో ఏదీ బ్రిడ్జ్ కాదు కాబట్టి లూప్‌కు తావులేదు. అయినా ఒక రాత్రి ఈ మూడింటికీ నెట్ ఆగిపోయింది. ఆ పని టీవీది. కొన్ని టీవీలు స్టాండ్‌బైలో పడినప్పుడు ఆగమని చెప్పే పాజ్ ఫ్రేమ్‌లను వదలకుండా పంపుతాయి. అవి పోర్టు దాటి వెళ్లవు గానీ, ఆ పోర్టుకు వెళ్లాల్సినవి పేరుకుపోయి స్విచ్ మెమరీ నిండిపోతుంది. లూప్‌లో లైట్లు పిచ్చిగా కొట్టుకుంటాయి. ఇక్కడ దాదాపు నిలిచిపోతాయి. టీవీ తీగ పీకగానే మిగతావి లేచాయి. ఈ స్విచ్‌లో పాజ్ ఫ్రేమ్‌లను మన్నించే ఫ్లో కంట్రోల్‌ను ఆపే వీలు లేదు కాబట్టి టీవీని వై-ఫైకి మార్చారు. ఆ పోర్టు ఖాళీగా ఉంది.