పేరయ్యే పెళ్లికొడుకు!

2000లో అమెరికా అధ్యక్ష పదవికి రిపబ్లికన్ అభ్యర్థి జార్జి బుష్, తన పక్కన నిలబడే ఉపాధ్యక్ష అభ్యర్థిని వెతికిపెట్టమని డిక్ చెనీకి పురమాయించారు.

వెతికారాయన. వచ్చిన ప్రతి సంబంధం జాతకమూ తెప్పించారు. ఆస్తులు, పన్నులు, డాక్టరు చీటీలు, ఎప్పుడో చేసిన ప్రసంగాలు... కట్టలకు కట్టలు!

అన్నీ తిరగేశాక జులై 25న ప్రకటించిన వరుడు: డిక్ చెనీ.

చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ వెతికిందీ పిల్లాడే!

చిన్న చిక్కొచ్చింది. బుష్, చెనీ ఇద్దరి కాపురమూ టెక్సస్‌లోనే. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఇద్దరూ ఒకే రాష్ట్రం వాళ్లయితే, అక్కడి ఎలక్టర్లు, అంటే వాళ్లను ఎన్నుకునే ప్రతినిధులు, ఇద్దరికీ ఓటేయకూడదట. రాజ్యాంగంలో రాసుంది. మన భాషలో చెప్పాలంటే సగోత్రం!

దానికేం భాగ్యం? ప్రకటనకు నాలుగు రోజుల ముందే చెనీ పెరిగిన ఇంటికి... అదే, వయోమింగ్‌కి ఎగిరివెళ్లి ఓటరుగా పేరు రాయించుకొచ్చారు. గోత్రం మారింది, బాజాలు మోగాయి.

అన్నట్టు, తప్పిపోయిన సంబంధాల వాళ్ల గుట్టుమట్లన్నీ ఎవరి దగ్గర ఉండిపోయాయంటారా? పెళ్లికొడుకు దగ్గరే, భద్రంగా!