అరిసెల పాకమూ, తరాల అంతరమూ

మత్తయి సువార్త ఒక వంశావళితో, అంటే ఎవరు ఎవరిని కన్నారో వరుసగా చెప్పే పట్టికతో మొదలై, అబ్రాహాము నుండి క్రీస్తు వరకు గడచిన తరాలను 14 చొప్పున మూడు విడతలుగా లెక్కగడుతుంది. అన్ని తరాలు ఏ పేచీ లేకుండా ఒకే అధ్యాయంలో ఇమిడిపోవడానికి కారణం, వాటిలో ఏ మూడు తరాలకూ డిసెంబరు 25న ఒకే హాలులో, ఒకే టీవీ ఎదుట, ఒకే రిమోటుతో కాలక్షేపం చేయవలసిన అగత్యం కలగకపోవడమే కావచ్చు. అటువంటి అగత్యం కోస్తా జిల్లాల తెలుగు క్రైస్తవ కుటుంబాలకు ఏటా కలుగుతున్నది కనుక, వారు దానిని ఏ ఉపాయాలతో గట్టెక్కుతున్నారో పరిశీలించడం పండితులకు తగని పనేమీ కాదు.

హేయర్ దొర గుంటూరు చేరి లూథరన్ మిషన్ పని ఆరంభించిన 1842 నుండి లెక్కించినా ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలలో కొన్నింటికి ఆరేడు తరాల చరిత్ర ఉన్నది; అయితే పండుగనాడు విస్తరి ముందు సజీవంగా కనిపించేవి సాధారణంగా మూడు. మొదటిది మిషన్ స్కూలులో చదివి, అటువంటి స్కూలులోనే పాఠాలు చెప్పి, పింఛను పుచ్చుకుంటూ పల్లెలో స్థిరపడిన తాతయ్య, నాయనమ్మల తరం. రెండవది పల్లెకూ పట్నానికీ మధ్య బస్సుల్లో తిరిగి తిరిగి, అందరికీ సర్దిచెప్పే భారాన్ని ఎవరూ అడగకుండానే నెత్తిన వేసుకున్న నడివయసు తరం. మూడవది హైదరాబాదు, బెంగళూరుల నుండి 22వ తేదీ రాత్రికి దిగి, కాళ్లు కడుక్కోకమునుపే చార్జరు పెట్టుకొనే ప్లగ్గు ఎక్కడున్నదో విచారించే తరం. డిసెంబరు ఆరంభం నుండి సంఘాల్లో జరిగే సెమీ క్రిస్మస్‌లు, అనగా అసలు పండుగకు ముందే కేకు కోసి జరుపుకొనే ఆరాధన కూడికలు, ఈ మూడవ తరానికి సెలవు మంజూరయ్యేలోగా చాలావరకు ముగిసిపోతాయి కాబట్టి సయోధ్యకు మిగిలే వ్యవధి బహు స్వల్పం.

నడివయసు తరం ప్రయోగించే మొదటి ఉపాయం తాతనూ మనవడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడుకొమ్మనడం. పెళ్ళిచూపులకు కొంతవరకు పనికివచ్చే ఈ పద్ధతి ఇక్కడ ఎందుకు బెడిసికొడుతుందో గ్రహించడం కష్టం కాదు. పెద్దాయన వద్ద ఉద్యోగం ఏమిటి, జీతం ఎంత, పెళ్ళి ఎప్పుడు అనే మూడు ప్రశ్నలు ఉంటాయి. వాటిలో మొదటిదానికి మనవడు చెప్పే జవాబు ఆయనకు అర్థం కాదు, రెండవదానికి మనవడు జవాబు చెప్పడు, మూడవదాని దగ్గరకు వచ్చేసరికి మనవడి ఫోను మోగుతుంది. అది నిజంగా మోగినదా అన్నది వేరొక పరిశోధనకు తగిన అంశం.

మాట కలవాలంటే మనుషులను ఎదురెదురుగా కాక, చేతులను పక్కపక్కన చేర్చాలన్నది ఈ వ్యాసపు ప్రతిపాదన. ఏ ఒక్క తరానికీ ఒంటరిగా చేతకాని పని ఏదైనా దొరికితే తరాలు కలవక తప్పదు, అటువంటి పనుల్లో అగ్రస్థానం అరిసెలది. సంక్రాంతికి ఇంకా మూడు వారాలు ఉండగానే ఈ ఇళ్లలో నూనె మూకుడు పొయ్యి ఎక్కుతుంది. బియ్యాన్ని ఒక రోజంతా నానబెట్టి, నీరు ఓడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించి, దానిని బెల్లం పాకంలో కలిపితే వచ్చే ముద్దను చలిమిడి అంటారు. ఆ చలిమిడిని అరచేతి మందాన కాక అంతకంటే పలుచగా తట్టి, నూనెలో వేయించి, రెండు గరిటెల నడుమ నొక్కితే అరిసె సిద్ధిస్తుంది. కీలకమంతా పాకం దించే ఘడియలో ఉన్నది. నీళ్లలో వేసిన పాకం చుక్క కరిగిపోకుండా వేళ్లకు మెత్తని ఉండగా చిక్కాలి. లేతగా దించితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదరనిస్తే తాతయ్య కట్టుడు పళ్లు విడిపోతాయి. ఆ ఘడియను పసిగట్టే విద్య నాయనమ్మకు ఉన్నది గాని పిండి పోస్తుండగా తెడ్డు ఆపకుండా తిప్పే రెక్కల బలం ఆమెకు లేదు. ఆ బలం జిమ్ముకు వెళ్ళే మనవడికి ఉన్నది గాని పాకమేదో, చారేదో అతనికి తెలియదు. నడితరానికి రెండూ అంతంతమాత్రమే అయినా నూనె ప్యాకెట్ల ధర మాత్రం కంఠస్థం. జిమ్ములో నెలనెలా రుసుము కట్టి చేసే వ్యాయామానికీ దీనికీ ఉన్న తేడా, అక్కడి ఇనుప గుండ్లు "ఆపకురా వెధవా, ఉండ కడుతుంది" అని అరవకపోవడమే. చెమటలు తుడుచుకుంటూ తెడ్డు తిప్పే ఆ పావుగంటలో, పెళ్ళయిన కొత్తలో తాతయ్య తానే దించుతానని పట్టుబట్టి పాకం మాడ్చిన వైనం నాయనమ్మ నోట వెలువడుతుంది. ముందురోజు హాలులో ఎంత అడిగినా బయటపడని జీతం వివరం మూకుడు దగ్గర అడగకుండానే బయటపడుతుంది.

సంగీతం విషయంలో సంధి ఇంత సులభం కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి రచయితలు ఆరాధన గీతాలను కర్ణాటక సంగీతపు బాణీలలో కట్టిన సంప్రదాయానికి ఇది గుర్తు. తాతయ్య కీర్తనను దాని సంఖ్యతో గుర్తుపట్టి, కళ్లు మూసుకొని, చరణానికి చరణానికి మధ్య కాఫీ తాగిరాదగినంత నింపాదిగా పాడుతారు. మనవడి కీబోర్డు వేగం వేరు. పైగా తాతయ్య శ్రుతి, అంటే పాటకు ఆధారంగా నిలిచే స్వరం, ఆ వాద్యంలోని తెల్లమెట్లకూ నల్లమెట్లకూ చెందని చోట ఉంటుంది. ఈ సంక్షోభానికి శాస్త్రం కనిపెట్టిన పరిష్కారం ట్రాన్స్‌పోజ్ మీట. వాయించే మెట్లు మార్చకుండానే స్వరాన్ని అరమెట్టు చొప్పున పైకో కిందికో జరిపే ఈ సదుపాయంతో మనవడు తాతగారిని వెంబడిస్తాడు, ఆయన చరణానికొక మెట్టు కిందికి జారుతుంటే ఇతడూ మీట నొక్కుతూ జారతాడు, పాట ముగిసేసరికి ఇద్దరూ పల్లవి మొదలైన చోటికి చాలా దిగువన క్షేమంగా కలుసుకుంటారు. పెట్టెలో ఏదో లోపం ఉన్నదని తాతయ్య అంటారు, మనవడు ఔనంటాడు. తరాల సయోధ్యలో ఈ ఔనుకు ఉన్న విలువను చాలామంది గుర్తించరు.

పిల్లలు వేసే క్రిస్మస్ నాటికకు సువార్తలే గొప్ప వెసులుబాటు కల్పించాయి. తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురని లోకం అనుకుంటున్నా మత్తయి వారి సంఖ్య చెప్పలేదు. వారు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం అనే కానుకలు మూడు కావడంతో మనుషులూ ముగ్గురే అయ్యారు. కాబట్టి మనవలు ఐదుగురున్న ఇంట జ్ఞానులు ఐదుగురు కావడానికి లేఖన సంబంధమైన అభ్యంతరం ఏదీ లేదు, ఈ సంగతి తెలిసిన తాతయ్యే ఏటా ఏడుపు మొహాల పంచాయితీని తీర్చగలుగుతున్నారు. మిగిలిన ఇద్దరికీ చేతిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు గనుక అరిసెల డబ్బా ఇస్తారు. అది పశువుల తొట్టి వరకు నిండుగా చేరిన దాఖలాలు తక్కువ.

విదేశాల్లో ఉన్నవారితో వీడియో కాల్ ద్వారా కలిసే ప్రయత్నం సాధారణంగా "వినబడుతోందా" అనే ఏకవాక్య సంభాషణగా ముగుస్తుంది, వారికీ ఒక పని అప్పగిస్తే తప్ప. ఇక్కడ పండుగ ఉదయం ఎనిమిది గంటలైతే డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆ వేళ అక్కడి మనవరాలు అరిసెల కొలతలు గ్రాముల్లో చెప్పమంటుంది. నాయనమ్మ సోలల్లో చెబుతుంది. మానికలో నాలుగోవంతు పట్టే ఈ పాత కొలపాత్ర బరువును కాక పరిమాణాన్ని కొలుస్తుంది కాబట్టి, నడితరం వంటింటి త్రాసు తెచ్చి, సోలెడు పిండిని మూడుసార్లు తూచి, మూడు వేర్వేరు అంకెలు రాబడుతుంది. లోపం త్రాసులో లేదు. సోల అంచు దాటి గోపురంలా నిలిచే పిండి ఎవరి కోసం పోస్తున్నారన్న దానినిబట్టి నాయనమ్మ చేతిలో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. గోపురాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న విషయమై ఆమె తీర్పు ఇంకా వెలువడలేదు గాని, డల్లాస్‌లో బియ్యం అప్పటికే నానుతున్నవి.