చేతికెంతొస్తది?

"ప్యాకేజీ ఎంత బిడ్డా?"

మా జహనుమా బస్తీలో నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్లు ఇంకా ఎవరైనా మిగిలారంటే, వాళ్లకింకా మాటలు రాలేదని అర్థం. పాలపాకెట్లు వేసే అన్న అడిగాడు. కిరాణా కొట్టు సేఠ్ ఉద్దెర పుస్తకం తిరగేస్తూ అడిగాడు. పక్కింటి ఖాలా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి తీరిగ్గా అడిగింది. ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే, ఎప్పుడో టెన్త్‌లో నాతో చదివిన పిల్ల వాళ్లమ్మ ఎదురు సీట్లోంచి అడిగింది. ఒకప్పుడు ఆడపిల్ల కనపడితే పెళ్లెప్పుడని అడిగేవారట. ఇప్పుడు ఆ ప్రశ్న రెండోది. మొదటిదాని జవాబును బట్టి రెండోది వేస్తారు.

నాలుగు లక్షల ఇరవై వేలు. చెప్పగానే అవతలి మనిషి కళ్లు పైకి తిప్పి, పెదాలు కదుపుతూ పన్నెండుతో భాగించేస్తారు. మా గల్లీకి భాగహారం ఇంత బాగా వచ్చని నేను లెక్కల్లో ఫెయిలయ్యే రోజుల్లో తెలిసుంటే ట్యూషన్ ఫీజు మిగిలేది. "అంటే నెలకు ముప్పై అయిదు! నీకేం తల్లీ!" అని తీర్పు కూడా వాళ్లే చెప్పేస్తారు.

ఆ ముప్పై అయిదు వేలను నేనింతవరకు చూడలేదు. నా ఖాతాలో పడేది రూ.26,300. మిగతా రూ.8,700 ఎటు పోతోందన్నది కొన్నాళ్లుగా నా బుర్రను పురుగులా తొలుస్తోంది. చెప్పుకుంటే జనం పాపం జాలిపడతారు. "ట్యాక్సు కోస్తున్నరేమో బిడ్డా, గవర్నమెంటోళ్లు ఊకుంటరా?"

కోస్తే బాగుండు. ప్రభుత్వం మీద పడి ఏడవొచ్చు, నలుగురూ తోడొస్తారు. కానీ 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ గారు ఆ అవకాశం కూడా లేకుండా చేశారు. కొత్త విధానంలో నాలుగు లక్షల వరకు అసలు పన్నే లేదు. పన్నెండు లక్షల వరకు రిబేటు. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ 75,000 కలుపుకుంటే పన్నెండు లక్షల డెబ్బయి అయిదు వేల దాకా సున్నా. నా ప్యాకేజీని మూడు రెట్లు చేసినా ఆ గీత దాటదు. ఆదాయపు పన్ను శాఖకు నా మీద పైసా ఆశ లేదు.

అయినా ఆఫీసు నుంచి మెయిల్ మీద మెయిల్. పాత విధానమా, కొత్త విధానమా తేల్చుకోండి, పెట్టుబడులు ప్రకటించండి, అద్దె రసీదులు జతచేయండి, ఇదే ఆఖరి తేదీ, ఇదే ఆఖరి తేదీకి ఆఖరి పొడిగింపు. ఆ మెయిళ్ల వాసన ఎలా పట్టాడో గానీ మా దూరపు మామ ఒకాయన బీమా కాగితాలు పట్టుకుని దిగాడు. "ఎనభై సీ కింద లక్షన్నర దాకా చూపించుకోవచ్చమ్మా. ట్యాక్సు మిగులుతది."

"నాకు ట్యాక్సే లేదు మామా."

"గిప్పుడు లేదు. రేపు జీతం పెరగదా?"

"కొత్త విధానంలో ఎనభై సీనే లేదు మామా."

"అయితే పాతదానికి మారు!"

లేని పన్ను మిగుల్చుకోవడానికి ఏటా ముప్పై వేలు కట్టే పథకం అది. చాయ్ తాగి, మరోసారి వస్తానని చెప్పి వెళ్లాడు. వస్తాడు కూడా.

ఇక జీతం స్లిప్పు విప్పి చూద్దాం. బేసిక్ 17,500. ఇంటి అద్దె భత్యం 7,000. స్పెషల్ అలవెన్సు 3,800. ఇందులో స్పెషల్ ఏమిటని హెచ్ఆర్ అమ్మాయిని అడిగాను. "లెక్క కుదరడానికి మిగిలింది అందులో వేస్తాం" అంది. ఉద్యోగ జీవితంలో నాకెవరైనా సూటిగా చెప్పిన జవాబు అదొక్కటే. మూడూ కలిపి 28,300. మరి ముప్పై అయిదులో మిగతాది? కంపెనీ నా పీఎఫ్‌కు వేసే వాటా 1,800. నాకోసం కంపెనీ వేస్తుంది, కానీ నా ప్యాకేజీలోంచే. గ్రాట్యుటీ 842. అయిదేళ్లు కదలకుండా పనిచేస్తే ఏడాదికి పదిహేను రోజుల బేసిక్ చొప్పున ఇస్తారట. మధ్యలో మానేస్తే ఇవ్వరట. ప్యాకేజీలో మాత్రం మొదటి నెల నుంచే లెక్కేశారు. ఆరోగ్య బీమా 558. వేరియబుల్ పే 3,500. అది కంపెనీ బాగుండి, నేను బాగుండి, ఏడాది చివర మేనేజర్ మనసు కూడా బాగుంటే ఇచ్చేది. ఇవన్నీ పోగా వచ్చిన 28,300లోంచి మళ్లీ నా వంతు పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200.

     

ఆ వృత్తి పన్ను దగ్గర కొంచెం ఆగాలి. రెండొందలే గదా అని వదిలేయడానికి వీల్లేదు. నా స్లిప్పు మొత్తంలో పన్ను అని పిలిపించుకునే అర్హత ఉన్న కోత అదొక్కటే. నేను దేశానికి నేరుగా ఏమైనా చేస్తున్నానంటే అదే.

ఉమ్మడి రాష్ట్రంలో 1987లో చేసిన చట్టం అది. తెలంగాణ వచ్చాక మాతోపాటు వచ్చింది. నెలకు పదిహేను వేల దాకా ఏమీ లేదు. అక్కడి నుంచి ఇరవై వేల దాకా 150. ఆ పైన 200. "ఆ పైన" అంటే ఎంత పైనైనా సరే. ఇరవై వేల ఒక్క రూపాయి తీసుకునే కుర్రాడికీ రెండొందలే, నెలకు ఎన్ని లక్షలో తనకే సరిగ్గా గుర్తుండని మా పెద్ద సారుకూ రెండొందలే. మాదాపూర్ లిఫ్టులో ఆయనా నేనూ కలిసి ఎక్కినప్పుడు ఆయన వాచీ చూసి నేను కుంగిపోను. వృత్తి పన్ను ముందు మేమిద్దరం సమానం.

పెంచకపోవడం ప్రభుత్వం మంచితనం కాదు. రాజ్యాంగంలో 276వ అధికరణం అడ్డం. ఒక మనిషి దగ్గర ఏడాదికి ఇంతకు మించి వృత్తి పన్ను తీసుకోకూడదని అందులో రాసి పెట్టారు. మొదట్లో ఆ హద్దు 250 రూపాయలు. 1988లో అరవయ్యో సవరణతో 2,500 చేశారు. అప్పటి నుంచి కదల్లేదు. బియ్యం ధర కదిలింది, బంగారం కదిలింది, మా గల్లీలో అద్దెలు కదిలాయి. నేను పుట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే పెట్టిన ఆ అంకె మాత్రం అక్కడే కూర్చుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నెలకు 200 చొప్పున పన్నెండు నెలలకు 2,400. హద్దు 2,500. వంద రూపాయలు మిగిలాయి. ఎందుకు వదిలేశారు?

రాత్రిళ్లు ఆలోచించాను. మహారాష్ట్ర వదల్లేదు. వాళ్లు పదకొండు నెలలు రెండొందలు తీసుకుని ఫిబ్రవరిలో మూడొందలు తీసుకుంటారు. మొత్తం 2,500, పైసా తేడా లేదు. ఏడాదిలో అన్నిటికంటే పొట్టి నెలలో అన్నిటికంటే పెద్ద కోత పెట్టాలంటే ఆ అధికారికి ఎంత నిబ్బరం ఉండాలి! ఢిల్లీలో అసలీ పన్నే లేదు. మనవాళ్లు అటూ కాదు, ఇటూ కాదు. సచివాలయంలో ఏదో బీరువాలో ఆ వంద రూపాయల ఫైలు ఉండే ఉంటుందని నా నమ్మకం. ఒకాయన "ఫిబ్రవరిలో వసూలు చేయవచ్చును" అని రాసుంటాడు. పైఆయన "చర్చించండి" అని రాసుంటాడు. చర్చించేలోపు ఒకరు రిటైరయ్యుంటారు, ఇంకొకరు బదిలీ అయ్యుంటారు. ఆ వందను పన్నెండుతో భాగిస్తే నెలకు 8 రూపాయల 33 పైసలు. కంపెనీ పీఎఫ్ వాటాలోంచి పెన్షన్‌కు మళ్లించేదీ సరిగ్గా 8.33 శాతమే! ఇది కాకతాళీయమని లెక్కల మాస్టారు అంటారు. నేను ఒప్పుకోను. ఇందులో ఏదో మర్మం ఉంది.

మరో ముచ్చట. పాత విధానంలో ఆదాయపు పన్ను లెక్కేసేటప్పుడు ఈ వృత్తి పన్నును ఆదాయంలోంచి తీసేస్తారు. కొత్త విధానంలో తీయరు. అంటే రాష్ట్రం తీసుకెళ్లిన ఆ 2,400 కూడా కేంద్రం లెక్కలో నా సంపాదనే. నాకు పన్ను పడదు గనుక నష్టం లేదు. నష్టం లేకపోయినా కోపం రావడానికి నాకేం అభ్యంతరం లేదు.

ఇంత పరిశోధించాక కూడా మిగతా 8,500 సంగతి తేలలేదని గమనించగలరు.

తేల్చింది నాయిన. షా అలీ బండాలో ఓ బట్టల కార్ఖానాలో కటింగ్ మాస్టర్. జుమ్మాకు సెలవు గనుక గురువారం రాత్రే ఆయనకు వారం లెక్క. పీసుకింత అని సేఠ్ నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. నాయిన మళ్లీ లెక్కపెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటాడు. బేసిక్కూ లేదు, స్పెషలూ లేదు. ఎంత చెప్పారో అంతా చేతికొస్తుంది.

నేను కోతల మీద శోకాలు పెడుతుంటే స్లిప్పు అడిగి తీసుకున్నాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, గుడ్డ మీద సుద్దగీత వెతికినట్టు వేలితో ఒక్కో వరుసా కిందికి దిగాడు.

"మేం కోస్తే మిగిలిన ముక్కలు గిరాకీకే ఇచ్చేస్తం. బిడ్డకు జేబు గుడ్డకైనా పనికొస్తది. నీ ముక్కలేవి?"

చెప్పాను. నా 1,800 పీఎఫ్‌లో పడుతుంది. కంపెనీ 1,800లో 1,250 పెన్షన్ ఖాతాకు, మిగతా 550 పీఎఫ్‌కు. దాని మీద వడ్డీ. పదేళ్ల సర్వీసుంటే యాభై ఎనిమిదో ఏట పెన్షన్. పన్నెండంకెల నంబరు ఒకటి ఉంటుంది; ఉద్యోగం మారినా అది మారదు.

"అంటే ముసలితనంల ఇస్తరా?"

"ఇస్తరు నాయినా."

"మంచిగనే ఉంది గదా మరి, ఏడుస్తవెందుకు?" అని కాగితం మడతపెట్టి ఇచ్చేశాడు.

నాయిన దగ్గరా ఓ పన్నెండంకెల నంబరుంది. 2021లో కేంద్రం ఈ-శ్రమ్ కార్డులు మొదలుపెట్టినప్పుడు నేనే మీసేవలో దగ్గరుండి తీయించాను. ల్యామినేషన్ చేయించి ఆధార్ వెనకాల దాచుకున్నాడు. నా నంబరు వెనక నెలనెలా డబ్బు చేరుతుంది. ఆయన నంబరు వెనక ఆయన పేరుంది. అసంఘటిత కార్మికులకు నెలకు మూడు వేల పెన్షనని 2019లో ఒక పథకం వచ్చింది. నలభై దాటినవాళ్లను చేర్చుకోరు, నాయినకు అప్పటికే దాటింది. పీఎఫ్ చట్టం ఇరవై మంది పనిచేసే చోటికి వర్తిస్తుంది. వాళ్ల కార్ఖానాలో సేఠ్‌తో కలిపి ఆరుగురు. ఇంత కాలంగా ఊరందరి పెళ్లిబట్టలూ కోసిన మనిషి జీతంలో ఎవరూ ఏదీ కోయలేదు. అందుకే ఏదీ మిగల్లేదు. పన్ను మాత్రం కడుతూనే ఉన్నాడు, సబ్బు కొన్నప్పుడల్లా, కొత్త కత్తెర కొన్నప్పుడల్లా. దానికి ఫారం 16 ఎవరూ ఇవ్వరు. చేతుల్లో వణుకు మొదలైందని అమ్మ ఈ మధ్యే చెప్పింది. కటింగ్ మాస్టర్‌కు చేతులే సర్వీసు రికార్డు.

ఆయన్ను చూశాక నా స్లిప్పును తిట్టుకోవడం కొంత తగ్గించానని చెప్పాలని ఉంది గానీ, డిసెంబరు స్లిప్పులో ఇంకో కొత్త వరుస ప్రత్యక్షమైంది. కార్మిక సంక్షేమ నిధి: 2 రూపాయలు. అక్షరాలా రెండు. ఏడాదికోసారి నా దగ్గర రెండు, కంపెనీ దగ్గర అయిదు తీసుకుంటారట, శ్రామికుల మేలు కోసం. ఏసీ గదిలో చక్రాల కుర్చీలో అటూ ఇటూ తిరిగే నేను శ్రామికురాలినని ప్రభుత్వం లెక్క. పొద్దంతా నిలబడి కత్తెర పట్టే నాయిన పేరు ఆ లెక్కలో లేదు. ఆయన తరఫున నాలుగు రూపాయలు కోసుకోమన్నా ఇచ్చేదాన్ని. ఎవరిని అడగాలో స్లిప్పులో ఎక్కడా రాసి లేదు.