గుంతకో గింజ

నాకు 98 గుంతలు. పొడవునా పద్నాలుగు, అడ్డంగా ఏడు. ప్రతి గుంత అడుగునా ఒక చిల్లు. ఎన్ని నీళ్లు పోసినా నా దగ్గర నిలవవని పుట్టుకతోనే రాసిపెట్టారు. నల్ల ప్లాస్టిక్ రేకును వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింది నుంచి గాలి లాగేస్తే పుట్టాను. నాతోపాటు పుట్టిన అన్నదమ్ములందరం ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని మదనపల్లె దగ్గరి ఒక నర్సరీలో దిగాం. మమ్మల్ని ప్రోట్రేలు అంటారు. నారు పోసే ట్రేలు అన్నా పలుకుతాం.

నర్సరీలో తెల్లారి ఏడింటికే పని. ముందు కొబ్బరిపొట్టు ఇటుకల్ని నీళ్లలో నానేస్తారు. అవి ఉబ్బి విడిపోయాక, అక్కడ పనిచేసే అక్క ఒక పిడికెడు తీసుకుని పిండి చూస్తుంది. వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. ఆ పొట్టును నా మీద గుమ్మరించి అరచేత్తో చదును చేస్తుంది. మమ్మల్ని ఒకరి మీద ఒకరిని పేర్చి అదిమితే, పై ట్రే అడుగు తగిలి కింది ట్రేలో గుంతకొక చిన్న పల్లం పడుతుంది. గింజకు అదే పడక.

టమాటా గింజలకు గులాబీ రంగు మందు పూసి ఉంటుంది. హైబ్రిడ్ గింజలు గ్రాముకు మూడు వందల చిల్లర తూగుతాయి, వాటి ధర చెబితే ఇంట్లో ఆడవాళ్లు కమ్మలు గుర్తు చేసుకుంటారు. అందుకని గుంతకో గింజే. పొరపాటున రెండు పడితే అక్క గోటితో ఒకదాన్ని తీసి పక్క గుంతలో వేస్తుంది. పైన పలచగా పొట్టు చల్లి, మమ్మల్ని దొంతరగా పేర్చి, పాలిథిన్ పట్టా కప్పేస్తారు. లోపల చీకటి, ఉక్క. గింజకు కావలసింది అదే.

మూడో రోజో నాలుగో రోజో పొద్దున పట్టా ఎత్తి చూడాలి. ఒక్క పూట ఆలస్యమైతే మొలకలు వెలుతురు వెతుక్కుంటూ పైనున్న ట్రేకు తల కొట్టుకుని తెల్లగా సాగిపోతాయి. అలా సాగినదానికి తరవాత ఎంత వెలుతురు చూపించినా నడుము నిలవదు. ఆ పట్టా ఎత్తే పని అక్కది. ఆదివారమైనా వచ్చి చూసి వెళ్లేది.

ఇరవై అయిదు రోజులకు నారు నాటుకు వస్తుంది. రైతులు ఆటోలు, ట్రాక్టర్లు కట్టుకుని వచ్చేవారు. కొందరు తమ గింజలే తెచ్చిచ్చి మొక్కకింత అని పెంపకం కూలి కట్టేవారు, కొందరు మొక్కలే కొనేవారు. ఎకరాకు 8 వేల మొక్కలు నాటే రైతుకు మా వాళ్లు 82 మంది కావాలి. ఒక పెద్దాయన వచ్చినప్పుడల్లా పాతకాలం తవ్వుకునేవాడు. ‘మా నాయన మడి కట్టి నారు పోస్తాండె. పీకి తడి గోనెలో చుట్టి నాటితే మూడు దినాలు తల వాల్చేసి, నాలుగో దినం లేస్తాండె. కొన్ని లేస్తానే లేదు’ అనేవాడు. నా గుంతలోంచి తీసిన మొక్కకు ఆ బాధ లేదు. వేళ్లు కొబ్బరిపొట్టును అల్లుకుని గుంత ఆకారంలోనే ముద్దగా వస్తాయి. భూమిలో పెట్టిన సాయంత్రానికే ఊరు మారిన సంగతి మరిచిపోతుంది. ఇది నా గొప్పే. చెప్పుకోక ఏం చేస్తాను?

కొన్న నారులో కంటికి కనపడనిది కూడా ఒకటి ఉంటుంది. ఒక వేసవిలో మా షేడుకు కట్టిన తెల్లదోమ వలకు ఈశాన్యం మూల పిడికెడంత చిరుగు పడింది. దోమలు దూరాయి. నా మీద వాలాయి. పదిరోజుల మొక్క మీద దోమ వాలి రసం పీలిస్తే ఆ రోజు ఏమీ తెలియదు. ఆకు పచ్చగానే ఉంటుంది, రైతు మురిసిపోయి డబ్బు కడతాడు. నాటిన మూడు వారాలకు ఆకులు పైకి ముడుచుకుని, చెట్టు గిడసబారిపోతుంది. ఆకుముడత వైరసుకు మందు లేదు, పీకి పారేయడమే. ఆ రైతు ముడుచుకున్న కొమ్మ పట్టుకుని వచ్చాడు. ‘నీ చేన్లో తగులుకునిందిలే’ అన్నాడు నర్సరీ ఆయన. కావచ్చు, చేలో మాత్రం దోమ లేదా? కానీ మర్నాడే ఆ మూల వలకు కుట్టు పడింది. నేను చూశాను. నాకు 98 గుంతలున్నాయి గానీ ఒక్క నోరు లేదు.

2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాటా 200 రూపాయల దాకా పాకింది. ఆ నెలలో మాకు కడుపు ఖాళీ అయిన పూట లేదు. ఒక బ్యాచి దించగానే కడిగి ఇంకో బ్యాచి. నా దగ్గర ఇరవై అయిదు రోజులు, చేలో మొదటి కోతకు ఇంకో రెండు నెలలు. జులై ధర చూసి గింజ వేయించినవాడు కాయ కోసేది అక్టోబరులో. సెప్టెంబరుకే ధర మట్టి కరిచింది. ఆ లెక్క ప్లాస్టిక్ ట్రేనైన నాకే తెలుసు. రైతుకు తెలియదా? తెలుసు. అయినా వేస్తాడు. దీని గురించి నాకు అంతకంటే అర్థం కాలేదు.

ఎండకు మా జాతి పెళుసెక్కిపోతుంది. నాలుగో ఏడు నాకు అంచు విరిగింది, ఒక పక్క రెండు వరుసలు చీలిపోయాయి. పారేసే కుప్పలో వేస్తే అక్క చీరకొంగుతో దులిపి ఇంటికి తీసుకెళ్లింది.

‘ఏమే, ఆ సచ్చిన ట్రేని ఇంటికి మోసుకొచ్చినావా?’ అంది వాళ్లత్త.

‘పారేస్తా ఉంటే తెచ్చినా అత్తా. నీ నాటు గింజలు వేద్దామని.’

ఆ మాటతో ముసలమ్మ మెత్తబడింది. అంతకుముందు అక్క నర్సరీలో మిగిలిన హైబ్రిడ్ మొక్కలే పెరట్లో నాటేది. కాయలు విరగకాసేవి. తోలు మందం, లారీలో దూరాభారం వెళ్లినా చిట్లవు. అమ్ముకునేవాడికి అది వరం. వండుకునే ముసలమ్మకు మాత్రం, ‘పప్పులో వేస్తే పులుపే లేదు, ఊరిమిండికి రుచే లేదు.’ మా వైపు రోటిపచ్చడిని అలా అంటారు. నాటు టమాటా పలచ తోలుది, రసం ఎక్కువ, పెట్టెలో వేస్తే అడుగువి చితికిపోతాయి. అందుకే ఏ రైతూ ఆర్డరు పెట్టడు, ఆర్డరు లేని నారు ఏ నర్సరీ పోయదు. ఊళ్లో లక్షల మొక్కలు పెంచే చేతులకు తన ఇంటికి ఆరు నాటు మొక్కలు కొనుక్కుందామంటే దొరకవు. హైబ్రిడ్ కాయలోంచే గింజ తీసి పోద్దామా అంటే దాని పిల్లలు తలోరకంగా పుడతాయి. ఒకటి తాతను పోలుతుంది, ఒకటి ఎవరినీ పోలదు.

అందుకే ముసలమ్మ పండి మెత్తబడిన నాటు కాయల్ని గిన్నెలోకి పిండి, నీళ్లు పోసి రెండు రోజులు వదిలేసింది. పైన బూజు తెట్టె కట్టి పుల్లటి కంపు. గింజ చుట్టూ ఉండే జిగురు ఆ పులుపుకే వదులుతుంది. కడిగి, పాతచీర ముక్క మీద నీడన ఆరబెట్టింది. ఆరాక ఒక్కో గింజకూ సన్నటి నూగు.

మొదటిసారి అంతా పోయింది. కొబ్బరిపొట్టుకు డబ్బులెందుకని ఎర్రమట్టి, పశువుల ఎరువు జల్లించి నింపారు. అక్క పనికెళ్లాక ముసలమ్మ ప్రేమతో పూటకొకసారి నీళ్లు పోసింది. మట్టి నా గుంతల్లో ఇటుకలా బిగిసింది, చిల్లులు మూసుకుపోయాయి, జీవితంలో మొదటిసారి నా దగ్గర నీళ్లు నిలిచాయి. మొలకలు మొదలు దగ్గర దారంలా సన్నబడి, ఒక సాయంత్రం వరసగా పడిపోయాయి. నారుకుళ్లు. నర్సరీలో అక్క ఇది రాకుండా రోజూ వందల ట్రేలను కాపాడుతుంది. ఆమె ఇంట్లో ఉన్నది నేనొక్కణ్నే, కానీ ఎండ ఉన్నంతసేపూ ఆమె ఇంట్లో ఉండదు.

రెండోసారి ఆ మట్టికి సగానికి సగం ఇసుక, బాగా చివికిన ఎరువు కలిపారు. పొద్దున ఒక్కసారే నీళ్లు, అదీ అక్క చేత్తోనే. మొలకలు లేచి రెండాకులు విప్పాయి. అప్పుడు పక్కింటి కోడి వచ్చింది. రెండు కాళ్లతో నా మీద చేసిన సేద్యానికి పదకొండు మొక్కలు మిగిలాయి. ఆరు పెరట్లో నాటారు, అయిదు ఇరుగుపొరుగు పట్టుకెళ్లారు. వాటి కాయలతో చేసిన ఊరిమిండి నేను రుచి చూడలేదు గానీ, రోలు దగ్గర ముసలమ్మ ఏమీ వంక పెట్టలేదు. ఆమె విషయంలో అది పెద్ద మాటే.

ఇప్పుడు నాకు మిగిలిన గుంతలు 61. నాలుగు రోజుల కింద మళ్లీ గింజలు వేశారు, ఈసారి గుంతకు రెండు. నర్సరీలో అయితే గోటితో తీసేసేది, ఇక్కడ అక్క చూసీ చూడనట్టు ఊరుకుంది. పైన తడి గోనె కప్పారు. ఈ పొద్దున పనికి బయల్దేరుతూ అక్క గోనె ఎత్తి చూసింది. రెండో వరుస నాలుగో గుంతలో ఒక మెడ, ఇంకా నిటారు కాలేదు. గోనె తీసేసి, తన పాతచీర ఒకటి నాలుగు పుల్లల మీద పందిరిలా కట్టి, పరుగున వెళ్లిపోయింది. ముసలమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది.

చీర ఒక మూల ఊడింది. పక్కింటి కోడి తల ఒక పక్కకు వాల్చి నా వైపే చూస్తోంది.